ఉప్పు గొంతు: జపాన్ పాట గురించి కొన్ని కబుర్లు

(ఒక సంగీత సభ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనక వాళ్లకి కూడా? సరే.

పిలిచినప్పుడే చెప్పారు, "అమ్మా, కచేరీ వద్దు, కబుర్లు చెప్పండి, మధ్యలో కాస్త పాడండి" అని. నాకూ అదే సుఖం. మావారి ఉద్యోగం వల్ల ఒసాకాలో నాలుగేళ్లు ఉన్నాం. మొదటి ఏడాది ఇంట్లో ఊరికే కూర్చోలేక, దగ్గర్లో ఒక కమ్యూనిటీ హాల్లో జానపద గీతాలు నేర్పుతున్నారని తెలిసి చేరాను. వాళ్లు మిన్యో అంటారు. నేర్పే ఆవిడకి డెబ్బై దాటాయి. ఏదన్నా పాడమంటే మోహనంలో నాలుగు ముక్కలు పాడాను. కళ్లు మూసుకుని విని, "కిరేయ్ నా కోఎ దెసు నే" అన్నారు. ఇంటికొచ్చి నిఘంటువు తీశాను. కిరేయ్ అంటే అందమైన, కోఎ అంటే గొంతు. ఆ రాత్రి వంట చాలా హుషారుగా చేశాను.

మూడు నెలలకి గాని అసలు సంగతి తెలియలేదు. కిరేయ్‌కి ఇంకో అర్థం ఉంది: శుభ్రం. తుడిచిన గచ్చు కిరేయ్, కడిగిన పళ్లెం కిరేయ్. ఆవిడ నా గొంతుని అలా అన్నారు. (నవ్వులు) "ఇంత శుభ్రమైన గొంతుతో సముద్రం మీద పాట ఎలా పాడతావమ్మా?" అని తర్వాత ఒకరోజు అడగనే అడిగారు.

గొంతుల గురించి అక్కడ ఎన్ని మాటలున్నాయో చూడండి. షియొకర-గోఎ అంటే ఉప్పు గొంతు. సబి-గోఎ అంటే తుప్పు గొంతు. సబి అన్న పలుకుకి తుప్పు అనీ, పాతబడ్డ వస్తువుకి వచ్చే అందమనీ రెండర్థాలూ ఉన్నాయి. దమి-గోఎ అంటే బురద గొంతు, ఇది మాత్రం మెచ్చుకోలు కాదు. అమ్మాయిలు కేరింతలు కొడితే పసుప్పచ్చ గొంతు. మనకీ జీర ఉంది కదా. "ఆవిడ గొంతులో చిన్న జీర ఉంది" అని ముచ్చటగానే అంటాం. కానీ రేపు కచేరీ అనగా గొంతులో జీర కనిపిస్తే మిరియాల పాలు తాగుతాం. అక్కడ ఆ జీరనే పనిగట్టుకుని పెంచుతారు. ఎక్కడ పెట్టాలి, ఎంత పెట్టాలి, ఎక్కడ తీసెయ్యాలి అన్నదే సాధన. ఈ పూట నేను చెప్పాలనుకున్నది అదొక్కటే.

ఇది మనకి మరీ వింతేం కాదు. ఈ తంబురా చూడండి. బ్రిడ్జి మీద తీగ కింద ఈ దారప్పోగు ఉంది, దీన్ని జీవా అంటాం. తీసేస్తున్నాను, వినండి. (తంబురా మీటారు) ఇప్పుడు మళ్లీ పెడుతున్నాను. (మీటారు) తేడా తెలిసిందా? తీగ దేనికో తగిలి జుమ్మంటేనే దానికి ప్రాణం. జపాన్ వాళ్ల మూడు తీగల వాద్యం షమిసెన్‌లో మంద్రం తీగని కావాలనే పైన గట్టు మీద కూర్చోబెట్టరు. అది మెడ కర్రకి తగిలి బుర్రుమంటుంది. దాన్ని సవరి అంటారు. సవరి అంటే తాకడం. అదే ఉచ్చారణతో ఇంకో మాట ఉంది, దానికి అర్థం ఆటంకం. మనం వాద్యానికి పెట్టిన జీవాని వాళ్లు గొంతుకి కూడా పెట్టుకున్నారు.

కొంచెం వెనక్కి వెళ్దాం, మన దేశానికి సంబంధం ఉంది కాబట్టి. జపాన్ గాత్రం పాత వేళ్లలో ముఖ్యమైనది బౌద్ధ మఠాల పఠనం. దాని పేరు షోమ్యో. ఆ మాట ఎక్కడిదనుకుంటున్నారు? మన "శబ్దవిద్య"కి చైనా వాళ్లు చేసిన అనువాదం. పంచవిద్యల్లో శబ్దవిద్య అంటే వ్యాకరణం. పాణిని పరిధిలో ఉన్న మాట చైనా మీదుగా జపాన్ చేరేసరికి పాటకి పేరైంది. 752లో నారా నగరంలో తోదాయ్-జీ ఆలయంలో మహాబుద్ధ విగ్రహానికి కళ్లు దిద్దే ఉత్సవం జరిగింది. కళ్లు దిద్దినవాడు మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. ఆ రోజు షోమ్యో పఠనం జరిగినట్టు దాఖలా ఉంది. ఇవాళ్టికీ అందులో సంస్కృతంలో పాడేవి వేరు, చైనా భాషలోవి వేరు, జపాన్ భాషలోవి వేరు. ఆ సంస్కృతం వింటే మీరు గుర్తు పట్టలేరు, ముందే చెప్తున్నాను.

క్యోటో పక్కన కొండల్లో ఒహారా అని ఒక ఊరుంది, షోమ్యోకి పుట్టిల్లులాంటిది. అక్కడి రెండు వాగుల పేర్లు ర్యో, రిత్సు. రెండూ స్వర వ్యవస్థల పేర్లే. మనం రెండు వాగులకి మేళకర్తల పేర్లు పెట్టినట్టు! నాలిక తడబడి మాట ముద్దగా వస్తే జపాన్ భాషలో "రోరెత్సు తిరగట్లేదు" అంటారు. అది ఈ ర్యో, రిత్సుల నుంచే వచ్చిందంటారు. కాస్త పైకెక్కితే "శబ్దం లేని జలపాతం" ఉంది. 12వ శతాబ్దంలో ర్యోనిన్ అనే భిక్షువు అక్కడ కూర్చుని సాధన చేస్తే జలపాతం చప్పుడు పాటలో కలిసిపోయి వినిపించకుండా పోయిందని కథ. నేను వెళ్లిన రోజు మాత్రం బాగానే వినిపించింది.

షోమ్యో రాతలో స్వరాలుండవు. అక్షరం పక్కన గీతలుంటాయి. గొంతు ఎక్కడ వంగాలో గీత అక్కడ వంగుతుంది. నో అనే పాతకాలపు మాస్కు నాటకాల పాట పుస్తకాల్లోనూ ఇంతే, అక్షరాల పక్కన చిన్న చుక్కలు. వాటిని గోమా, అంటే నువ్వుగింజలు అంటారు. నువ్వుగింజ ఎటు వాలితే గొంతు అటు.

ఇక్కడ మన తెలుగువాళ్లకి ఒక సౌకర్యం ఉంది. తెలుగు అజంత భాష, మాట అచ్చుతో ముగుస్తుంది. జపాన్ భాషా దాదాపు అంతే, చివర ఒక్క నకారం తప్ప. అచ్చులు ఐదే: అ, ఇ, ఉ, ఎ, ఒ. ఒక అక్షరాన్ని సాగదీస్తే హల్లు ముందే అయిపోతుంది, మిగిలేది అచ్చు. "క" అని సాగదీస్తే "కఅఅఅ". ఆ మిగిలిన అచ్చుని ఉమిజి అంటారు, అంటే పుట్టిన అక్షరం. మనం అకారం అంటాం, వాళ్లు అక్షరం కన్న బిడ్డ అంటున్నారు. పాటలో పనంతా ఆ బిడ్డ మీదే. గొంతు వణికించినా, మెలిక తిప్పినా, జీర రప్పించినా ఉమిజిలోనే. నాకు మా టీచరు దగ్గర మొదట్లో తిట్లు పడింది కూడా ఇక్కడే. నేను అచ్చుని నున్నగా లాగేదాన్ని. ఆవిడ మధ్యలో ఆపి, "పుట్టింది, సరే. పెరగదా?" అనేవారు.

ఇప్పుడు ఈ జీర ఎలా వస్తుందన్న సంగతికి వద్దాం. ఇది చెప్పడానికి నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

నీగతా అని ఉత్తరాన మంచు ప్రాంతం. అక్కడ గోజె అని, చూపులేని ఆడవాళ్ల గాయక బృందాలు ఉండేవి. ఒకరి వెనక ఒకరు, ముందున్న మనిషి మూట మీద చెయ్యి వేసుకుని ఊరూరా నడిచి, ఇంటి ముందు షమిసెన్‌తో పాడి బియ్యం పుచ్చుకునేవారు. ఆ పరంపరలో చివరివాళ్లలో ఒకరు కొబయాషి హరు. 1900లో పుట్టి, నెలల పిల్లప్పుడే కంటిపొరతో చూపు పోగొట్టుకుంది. ఐదారేళ్ల వయసులోనే గురువుకి అప్పజెప్పారు. ఏడాదిలో చలి ముదిరే ముప్ఫై రోజులని, జనవరి మొదటి వారం నుంచి ఫిబ్రవరి మొదట్లో వరకు, జపాన్ వాళ్లు "కన్" అంటారు. ఆ రోజుల్లో చేసే సాధన కన్-గోఎ, చలి గొంతు. పలచటి బట్టలతో, గడ్డి చెప్పులతో నది గట్టు మీద మంచులో నిలబడి, తెల్లవారకముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి గొంతు చించుకుని పాడాలి. గొంతు పూడుకుపోయి మాట రాకుండా పోతుంది. ఆపకూడదు. అలా విరిగిన గొంతు మళ్లీ కలిసేటప్పుడు కొత్త గొంతు పుడుతుందని నమ్మకం.

ఎందుకింత హింస అని మీరు అడగచ్చు, నేనూ అడిగాను. ఆ ఆడవాళ్లు పాడేది ఆరుబయట. మంచు శబ్దాన్ని మింగేస్తుంది, తలుపులు మూసి ఉంటాయి. లోపలున్న మనిషి వినాలి, తలుపు తియ్యాలి, బియ్యం పెట్టాలి. నున్నటి గొంతు ఆ పని చెయ్యదు. కాబట్టి అది ముందు కడుపు కోసం వచ్చిన గొంతు, అందం తర్వాత. హరుగారిని 1978లో గోజె పాటల వారసురాలిగా ప్రభుత్వం గుర్తించింది. 2005లో, 105 ఏళ్లకి పోయారు. ముసలితనంలో పాడిన రికార్డింగులున్నాయి. వింటే తలుపు చెక్కలోంచి వస్తున్నట్టు ఉంటుంది. తియ్యదనం వెతికితే దొరకదు. కానీ మధ్యలో ఆపలేం.

అయితే "గొంతు చిరిగి రక్తం వస్తేనే పాట" అని గొప్పగా చెప్పేవాళ్లంటే నాకు చిరాకు. అలా పాడైపోయిన గొంతుల కథ ఎవరూ చెప్పరు కదా. మా టీచరు మాతో చలి గొంతు చేయించలేదు. నేను నా దగ్గర నేర్చుకునే పిల్లలతో చచ్చినా చేయించను. స్వరతంత్రుల మీద కాయలు కాస్తే అవస్థ ఏమిటో ఇక్కడున్న గాయకులకి చెప్పక్కర్లేదు.

ఇంకో దారి ఉంది, గొంతు మీద కాకుండా కడుపు మీద భారం వేసేది. ఒసాకాలో నిప్పొంబాషి దగ్గర జాతీయ బున్‌రాకు థియేటర్ ఉంది. బున్‌రాకు అంటే బొమ్మలాట, ఒక్కో ముఖ్యమైన బొమ్మని ముగ్గురు మనుషులు ఆడిస్తారు. అందరూ బొమ్మల్ని చూస్తారు, నేను కుడిపక్క చిన్న వేదిక మీద కూర్చున్న మనిషిని చూసేదాన్ని. ఆయన తాయూ, కథ చెప్పేవాడు. పక్కన షమిసెన్ వాయించే ఒకాయన. ముసలమ్మ, పసిపిల్ల, సమురాయ్, వేశ్య, మధ్యలో వ్యాఖ్యానం, అన్నిటికీ ఒక్కడే గొంతు. మైకుండదు. 1684లో తకెమోతో గిదాయూ ఒసాకాలో సొంత నాటకశాల పెట్టి పాడిన బాణీ ఇది, అందుకే ఆయన పేరుతోనే గిదాయూ అంటారు.

ఆయన బట్టల లోపల ఏముందో తెలిశాక నేను ఇంకో రెండుసార్లు వెళ్లాను. పొత్తికడుపు చుట్టూ గుడ్డ పటకా బిగించి కడతారు. దాని పైన, పొట్ట దగ్గర, ఇసుకా గింజలూ నింపిన బరువైన చిన్న సంచి దోపుకుంటారు. పిర్రల కింద బుల్లి పీట. మోకాళ్ల మీద, కాలివేళ్లు నేలకి తన్ని కూర్చుంటారు. ఊపిరి పైకి రాకుండా కిందే నిలవడానికి ఇదంతా. మొదలుపెట్టేముందు పుస్తకాన్ని రెండు చేతులా నుదుటిదాకా ఎత్తి దణ్ణం పెడతారు. అది చూసినప్పుడు మాత్రం మన ఇంట్లో ఉన్నట్టే అనిపించింది.

నవ్వు గురించి చెప్పాలి. కొన్ని కథల్లో ఒకే నవ్వు నిమిషాల తరబడి ఉంటుంది. గొంతులో గురగురగా మొదలై, ముక్కులోకెళ్లి, పొట్టలోకి దిగి, ఆగిపోయిందనుకుంటే మళ్లీ లేచి... చివర్లో జనం చప్పట్లు కొడతారు. ఏడో తకెమోతో సుమితాయూ అని మహానుభావుడు, 2012లో పక్షవాతం వచ్చింది, మాట తడబడింది. మళ్లీ వేదికెక్కి, 2014లో 89 ఏళ్ల వయసులో విరమించాడు. గొంతు పోయినా కడుపు ఉందన్నమాట.

నో గురించి ఒక్క ముక్క. మగవాడు ఆడ మాస్కు పెట్టుకుని ఆడ పాత్ర వేస్తాడు, కానీ గొంతు మార్చడు. బొంగురు మగ గొంతుతోనే, మాస్కు చెక్క వెనకనుంచి పాడతాడు. మొదటిసారి నవ్వొస్తుంది. పది నిమిషాల్లో ఆ గొంతు ఆవిడదే అయిపోతుంది. జెఆమి అని 14, 15 శతాబ్దాల నాటి నటుడు, సిద్ధాంతకర్త, "ఒకటి శ్రుతి, రెండు ఊపిరి, మూడు గొంతు" అన్నాడు. మనసులో శ్రుతి పట్టాక, ఊపిరి కూడగట్టాక, అప్పుడే నోరు తెరవాలి. మా పిల్లలు ఈ వరసని తలకిందులుగా చేస్తారు. (నవ్వులు)

ఇక మిన్యో, నేను కొద్దోగొప్పో నేర్చుకున్నది. ఫుమియో కొఇజుమి అని సంగీత పరిశోధకుడు, 1950ల చివర్లో మద్రాసుకీ లక్నోకీ వచ్చి సంగీతం చదువుకుని వెళ్లాడు. జపాన్ జానపదాల్ని ఆయన రెండు రకాలుగా చూశాడు. తాళానికి అడుగులేసేవి ఒకటి, తాళమే లేకుండా సాగేవి ఇంకొకటి. రెండో రకానికి ఒఇవకె అని పేరు. మన ఆలాపన ఎంత స్వేచ్ఛగా ఉంటుందో అలాగే, కాకపోతే సాహిత్యం ఉంటుంది. ఒఇవకె మొదట నడిదేశంలో గుర్రాల మీద సరుకు తోలేవాళ్ల పాట. సరుకు పడవలెక్కి పశ్చిమ తీరం వెంట హొక్కైడో దీవిలోని ఎసాషి రేవుకి చేరింది. గుర్రం పాట కాస్తా అలల పాటైంది. 1963 నుంచి ఎసాషిలో ఏటా ఈ ఒక్క పాట మీదే దేశవ్యాప్త పోటీ పెడుతున్నారు. వచ్చినవాళ్లంతా అదే పాట పాడతారు, జనం పొద్దుటినుంచి కూర్చుని వింటారు. మనమైతే మూడో మనిషికే కాఫీకి లేస్తాం.

ఆ పాటలో గమకాల పేర్లు వినండి. మోమి అంటే పిసకడం. సుకుఇ అంటే గరిటెతో తోడటం. నోషి అంటే పిండి ఒత్తి సాగదీయడం. అన్నీ వంటింటి మాటలే! మా టీచరు చెయ్యి గాల్లో తిప్పుతూ "పిసుకు, పిసుకు, ఇప్పుడు ఒత్తు" అంటుంటే నాకు చపాతీలు గుర్తొచ్చేవి. ఇలాంటి మెలికలన్నిటికీ కలిపి కొబుషి అంటారు. మన గమకం స్వరం ఒంట్లోనే ఉంటుంది. కొబుషి అలా కాదు, స్వరం నిలబడ్డాక అచ్చు చివర చటుక్కున పడే చిన్న ముడి. (పాడి వినిపించారు) కొబుషి అన్న పలుకుకి పిడికిలి అనే అర్థం కూడా ఉంది. ఆ ముడి పడే చోట పాడేవాళ్లు నిజంగానే పిడికిలి బిగిస్తారు. చూడండి, నేనూ బిగించాను.

జపాన్ పాశ్చాత్యుల్ని చూసి ఆధునికమవుతున్న మెయిజీ కాలంలో (1868–1912) ఇదంతా మోటు అనుకున్నారు. 1879లో సంగీత విద్య కోసం ప్రభుత్వ సంస్థ పెట్టి, మరుసటేడు అమెరికా నుంచి లూథర్ వైటింగ్ మేసన్‌ని పిలిపించి బడిపాటలు తయారు చేయించారు. పాశ్చాత్య మేజర్ స్కేలులో నాలుగోదీ ఏడోదీ జపాన్ గొంతులకి పట్టుబడలేదు, తీసేశారు. మిగిలింది ఏమిటి? స రి గ ప ద. (సభలోంచి: "మోహనం!") అవును, మోహనం. ఆ బడిపాటల మోహనం మీదా, దాని మైనర్ రూపం మీదా పాత కొబుషి వచ్చి కూర్చుంటే తర్వాత ఎన్‌క అనే సినిమా పాటలాంటి జనరంజక పాట పుట్టింది. కన్నీళ్లు, రేవులు, సారా కొట్లు. మిసోరా హిబారి అనే గాయని నిండు ఛాతీ గొంతులోంచి, పై స్వరాలకి వాడే సన్నటి దొంగ గొంతులోకి ఎప్పుడు జారుకునేదో పట్టుకోలేం, కుట్టు కనిపించదు. 1964లో పదహారేళ్ల మియాకో హరుమి వచ్చి, ఆ మెత్తని పాట మధ్యలో పులిలా గుర్రుమంది. దాన్ని ఉనరి అంటారు. స్వరతంత్రుల పైన ఉండే మడతలు కూడా కలిసి అదిరితే వచ్చే శబ్దం. అది రోక్యొకు అనే కథాగానం నుంచి వచ్చిన సొమ్ము. రోక్యొకు మన హరికథకి దగ్గరి చుట్టం, గొంతు మాత్రం పక్కా ఉప్పు గొంతు. నారింజ సాగు నేర్చుకోవడానికి జపాన్ వెళ్లిన సర్బ్‌జీత్ సింగ్ చడ్డా అనే మన దేశస్థుడు, 1970ల్లో ఎన్‌క గాయకుడైపోయి రికార్డులిచ్చాడు. నారింజల సంగతి ఏమైందో గానీ, పాట బాగా కాసింది.

దక్షిణాన అమామి దీవుల్లో మాత్రం లెక్క వేరు. అక్కడ మగవాళ్లు కూడా దొంగ గొంతులోకి ఎగిరి ఎగిరి పాడతారు. అది ఇంకో పూట చెప్పుకోవాల్సిన కథ.

కారావోకె గురించి చెప్పకపోతే మా అబ్బాయి ఊరుకోడు. 1971లో కోబెలో దైసుకె ఇనోఉఎ సొంతంగా ఒక మెషిన్ తయారుచేశాడు, పేటెంటు తీసుకోలేదు పాపం. ఇప్పటి మెషిన్లు మార్కులు వేస్తాయి. శ్రుతి ఒక్కటే కాదు, కొబుషి ఎన్నిసార్లు, కింద నుంచి స్వరాన్ని తోడుకుంటూ ఎక్కడం ఎన్నిసార్లు, వణుకు ఎన్ని సెకన్లు, అన్నీ లెక్కపెట్టి తెర మీద చూపిస్తాయి. ఒకసారి క్లాసు వాళ్లం అందరం వెళ్లాం. నేను తెలివిగా కనిపించిన ప్రతి అచ్చుకీ ఒక కొబుషి తగిలించాను. 91 వచ్చింది. మా టీచరుకి 78. ఆవిడ మాటని తాళం కంటే కాస్త వెనక పట్టి ఆపి వదుల్తారు, మెషిన్‌కి అది తప్పు. ఆవిడ స్కోరు చూసి, టీ తాగుతూ అన్నారు: "దానికి పిడికిళ్లు లెక్కపెట్టడం వచ్చు. ఎవరిని కొట్టాలో తెలీదు."

టైమైపోయిందంటున్నారు. ఒక్క ప్రశ్నకి చోటుందా? అడగండమ్మా.

(సభలోంచి: "మేడం, అక్కడ నేర్చుకున్నాక మీ గొంతు మారిందా? కర్ణాటక సంగీతానికి అడ్డొచ్చిందా?")

అడ్డొచ్చింది. తిరిగొచ్చాక ఆరు నెలలపాటు తోడి పాడుతుంటే గాంధారం దగ్గర పిడికిలి బిగిసేది. మా గురువుగారు విని, "ఏమిటమ్మా, అక్కడ ఏదో తగులుతోంది?" అన్నారు. సవరి అండీ అని చెప్పలేక జలుబండీ అన్నాను. ఇప్పుడు ఏది ఎక్కడ పెట్టాలో కాస్త తెలిసింది. మా టీచరు కిందటేడు ఫోన్లో నా పాట విని, "కొంచెం మురికైంది" అన్నారు. అది ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను.

సరే, ఎసాషి పాట మొదలు కాస్త పాడతాను. ఒక షరతు. ఈ పాటకి పక్కన ఒకరు "సోయ్" అని అందుకునేవాళ్లు ఉండాలి, మన బుర్రకథలో వంతలాగా. మొత్తం ఏడు ఊపిరులు, ఒక్కో పాదం ఒక్క ఊపిరిలో అయిపోవాలి. పాదానికీ పాదానికీ మధ్య నేను ఊపిరి తీసుకునేటప్పుడు పాట కింద పడిపోకుండా మీరు పట్టుకోవాలి. "కమోమె నో నకు నె ని": సముద్రపు గల్ పక్షి అరుపుకి. "ఫుతో మె ఒ సమషి": చటుక్కున మెలకువొచ్చి. పడవలో నిద్ర లేచినవాడు అడుగుతున్నాడు, అదేనా మనం వెళ్లే దేశపు కొండ అని.

గట్టిగా అరవక్కర్లేదు. వెనక కుర్చీలో బాబాయ్‌గారూ, మీ గొంతు బాగుంది, ఇందాక దగ్గారు కదా, సరిగ్గా ఆ గొంతే కావాలి. మిరియాల పాలు తర్వాత తాగుదురుగాని. నేను చెయ్యెత్తినప్పుడు.

(తంబురా శ్రుతి)

కమోఓఓ...

(సభ: "సోయ్!")